అల్లుడుగారి తేనెటీగలు

తేనెటీగంత కష్టజీవి లేదని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. అనేవాళ్లెవరూ దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లు కాదు. నేను కూర్చున్నాను. దసరాకి ముందు నుంచీ కార్తీకం దాకా, అరబ్బు దేశంలో, అహ్మదిలో మా అమ్మాయి జ్ఞానప్రసూన ఇంట్లో, అద్దాలు బిగించిన వరండాలో, ఆ పెట్టెకి మూరెడు దూరంలో కూర్చుని చూశాను. నాకు వేరే పనేముంది? టీవీ పెడితే అందులో వాళ్లు ఏడుస్తూనే ఉంటారు. మనవరాలు ప్రణతి బడికి పోతుంది. అమ్మాయి మందుల షాపులో ఉద్యోగానికి పోతుంది. అల్లుడు వీరభద్రరావుగారు చమురు కంపెనీలో ఇంజనీరు, ఆయన ఆఫీసుకి పోతారు. ఇంట్లో మిగిలేది నేనూ, పనిమనిషి పుష్పలతా, ఆ ఈగలూ.

ఈగలంటే అల్లుడుగారికి కోపం. "ఈగలు కాదండీ అత్తయ్యగారూ, తేనెటీగలు" అంటారు. సరే, తేనెటీగలే. ఈజిప్టు నుంచి విమానం ఎక్కి వచ్చాయి. నాకు వీసా దొరకడానికి మా అమ్మాయి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు. వీటికి మాత్రం ఇక్కడ ఉండటానికి ఇఖామా కాగితం అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు. దిగడం దిగడమే కంపెనీ ఇంటి పెరట్లో కాపురం. పెరట్లో చెక్క పెట్టెలు రెండు, వరండాలో అద్దాల పెట్టె ఒకటి. అద్దాల పెట్టెలోంచి గోడకి బెజ్జం కొట్టి ఒక గొట్టం బయటికి పెట్టించారు. అవి గొట్టంలోంచి పోతాయి, గొట్టంలోంచి వస్తాయి. లోపల ఏం చేస్తున్నాయో మనకి అద్దంలోంచి కనపడుతుంది. వీధి చివర సిద్ర్ చెట్లున్నాయి, వాటి తేనెకి ప్రపంచంలో సాటి లేదని అల్లుడుగారు రోజూ చెబుతుంటే ఒక రోజు వెళ్లి చూశాను. రేగు చెట్టు. మా రావులపాలెంలో కంచె మీద మొలిస్తే కొట్టిపారేసే రేగు చెట్టు.

ఈయనకి చెప్పడం అనేది ఒక రోగం. పెళ్లిచూపులకి వచ్చిన రోజే తెలిసింది నాకు. మా అత్తగారిది ఆత్రేయపురం. కుండ మీద పూతరేకు తీయడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు, చేతుల్లోనే ఉంది. ఆవిడ తీసిన రేకులు పళ్లెం ఖాళీ చేసి, రేకు పల్చగా రావాలంటే పిండి ఎలా కలపాలో ఆవిడకే చెప్పారు. పాపం ఆవిడకి చెవుడు. నవ్వుతూ తలూపింది. వినపడి ఉంటే ఈ సంబంధం తప్పిపోయేది.

మా వైపు అత్తగారు అల్లుడికి ఎదురు చెప్పకూడదు. చెప్పకూడదన్నారు గానీ, 'అండీ' తగిలించి అడగకూడదని ఎవరూ అనలేదు. అందుకని నేను అడుగుతూ ఉంటాను.

ప్రతి శుక్రవారం సెలవు కదా, తెలుగు సంఘం వాళ్లలో ఎవరో ఒకరు పిల్లల్ని తీసుకుని వస్తారు. సంఘానికి ఈయనే అధ్యక్షుడు. అద్దాల పెట్టె పక్కన చేతికర్ర పట్టుకుని నిలబడతారు. "చూడండి. క్రమశిక్షణ. రాణి ఆజ్ఞ ఇస్తుంది, అందరూ పాటిస్తారు. ఇక్కడ సోమరితనం లేదు, సణుగుడు లేదు." వచ్చినవాళ్లు పకోడీలు తింటూ ఆహా అంటారు. వాళ్ల ఆహా పకోడీలకి.

రాణి ఆజ్ఞ ఇవ్వడం నేనైతే చూడలేదు. దాన్ని చూస్తే నాకు అత్తారింటికి వచ్చిన కొత్త కోడలు గుర్తొచ్చింది. చుట్టూ గుంపు, ఎటు కదిలితే అటు తోస్తారు, తిండి నోట్లో పెడతారు, గుడ్లు పెట్టమంటారు. ఆజ్ఞ ఎవరు ఇస్తున్నట్టు? ఒక రోజు అల్లుడుగారు పెరట్లో పెట్టెలకి పంచదార పాకం పోస్తూ ఒలకబోశారు. అంతే, మొదటి పెట్టెలోవి వెళ్లి రెండో పెట్టె మీద పడి దోచుకున్నాయి. గుమ్మంలో కొట్టుకుని చచ్చినవి చచ్చాయి, మిగిలినవి పొట్ట నిండా దొంగసొత్తు మోసుకుపోయాయి. "ఇదేంటండీ అల్లుడుగారూ, పక్కింట్లో దొంగతనం చేస్తున్నాయి?" అని అడిగాను. "పోటీతత్వం అండీ అత్తయ్యగారూ" అన్నారు. మా ఊళ్లో దాన్ని పోలీసు స్టేషన్లో వేరే పేరుతో రాసుకుంటారు.

ఇక పుష్పలత సంగతి. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. మొగుడు ఎప్పుడో ఇంకో దారి చూసుకున్నాడు. ఉన్నది ఒక్కతే కూతురు, నిరుడు పెళ్లి చేసింది. ఆ పిల్లకి ఇప్పుడు తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, అత్తారు తెచ్చి పుట్టింట్లో దింపి వెళ్లారు. పుట్టిల్లంటే అక్కడ నాలుగు గోడలూ, పక్కింటి ముసలావిడా. పుట్టిల్లంటే పుష్పలతే. ఆ పుష్పలత ఇక్కడ మా అల్లుడుగారి పకోడీ పళ్లేలు తోముతోంది.

దసరా వెళ్లగానే ఒక సాయంత్రం ఆయన వరండాలో ఉండగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబా, పిల్లకి నెలలు నిండొచ్చినాయి. రత్తం తక్కువుందని చెప్పినారంట డాక్టరమ్మ. నన్ను పంపీ బాబా. కాన్పు చేసుకోని, పిల్ల లేచి తిరిగినాక వచ్చేస్తా."

"ఇటు రా" అన్నారు ఆయన. అద్దం దగ్గరికి పిలిచారు. "చూడు. ఇన్ని వేలున్నాయి. ఒక్కటైనా ఖాళీగా ఉందా? ఒక్కటైనా సెలవు అడుగుతోందా?"

"అయ్యి పురుగులు గదా బాబా."

"పురుగులే ఇంత పద్ధతిగా ఉంటే మనుషులం ఎలా ఉండాలి? వనభోజనాలు మన పెరట్లోనే పెట్టుకున్నాం. సంఘం మొత్తం వస్తుంది. వంట ఎవరు చేస్తారు? అవి అయ్యాక చూద్దాం."

నేను ఉండబట్టలేకపోయాను. "అల్లుడుగారూ, వీటికి పురుళ్లు ఎవరు పోస్తారండీ?"

"ఏంటండీ?"

"ఏం లేదండీ. వీటి తల్లి ఇంట్లోనే ఉంటుంది కదా. అందుకని సెలవు అడగాల్సిన పని లేదేమోనని."

"మంచి పరిశీలన అత్తయ్యగారూ" అన్నారు. చూడండి, మెచ్చుకున్నాననుకున్నారు.

పుష్పలత పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది. పోతుందేమోనని దాచారట. ఆమెకి దాచుకోవడం రాదా? ఆమె కూతురి చిన్నప్పటి పాలపళ్లు కూడా ఊళ్లో డబ్బాలో దాచుకుంది, నాకు చెప్పింది. దాచుకోవడం ఆమెకి నేర్పాలా?

మా అమ్మాయిని వంటింట్లో పట్టుకున్నాను. "నువ్వు చెప్పవే."

"చెప్పానమ్మా. చూద్దాం అన్నారు."

"నువ్వు ఈ ఇంటికి యజమానురాలివి కదే!" పుష్పలత మా అమ్మాయిని మామా అని పిలుస్తుంది. ఇక్కడ యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తారు. నేను వచ్చిన కొత్తలో ఆ పిలుపు విని వియ్యంకుడు వచ్చారేమోనని పైట సర్దుకుని లేచాను.

"ఆయనకి చెప్తే అద్దాల పెట్టె దగ్గరికి రమ్మంటారమ్మా. నాకు వినే ఓపిక లేదు" అంది జ్ఞానప్రసూన. నా కడుపున పుట్టింది, ఇంత మెత్తగా ఎలా పుట్టిందో! దీన్ని చూసినా నాకు ఒళ్లు మండింది. ఇంటి నిండా చదువుకున్నవాళ్లే, ఒక్క మాట అనేవాళ్లు లేరు.

ఇలా ఉండగా అల్లుడుగారికి ఒక ఆలోచన వచ్చింది. వనభోజనాల రోజున పిల్లల చేత తేనెటీగల కష్టం గురించి చెప్పించాలట. అందుకు ఒక్కో పిల్లకి ఒక్కో తేనెటీగని అప్పగించి, దాని వీపు మీద గోళ్ల రంగుతో చుక్క పెడతారు. ఆ పిల్ల వచ్చినప్పుడల్లా తన చుక్క తేనెటీగ ఏం చేస్తోందో చూసి రాసుకోవాలి. చుక్క పెట్టడానికి వాటిని ముందు చల్లబరిస్తే కదలవట. వాటిని పట్టి ఒక డబ్బాలో వేసి ఫ్రిజ్జులో పెట్టారు. ఎవరికీ చెప్పలేదు. పుష్పలత పెరుగు కోసం వెళ్లి ఆ డబ్బా తీసింది.

ఆ కేక అహ్మది అంతా వినపడి ఉంటుంది.

"అవ్వా! పెరుగు పక్కన పురుగుల్ని పెట్టినారు! తినేదానికా ఇవి?"

"తినడానికి కాదే. బొట్టు పెట్టడానికి."

"బొట్టా? పేరంటమా వీటికి?"

"అవునే. నువ్వు మాత్రం వంట చెయ్యి."

అల్లుడుగారు తెల్లటి సూటు వేసుకుని, ముఖానికి జల్లెడ కట్టుకుని, చంద్రమండలం మీదికి వెళ్లేవాడిలా తయారై, కూతురి గోళ్ల రంగుల సీసాలు ముందు పెట్టుకుని చుక్కలు పెట్టారు. ప్రణతిది ఎర్ర చుక్క. పై వీధి పిల్ల నిత్యది ఆకుపచ్చ. కౌశల్ అనే పిల్లాడిది బంగారు రంగు.

ప్రణతి బడికి పోతుంది కాబట్టి దాని ఎర్ర చుక్కకి కాపలా నేనే. పొద్దున్న కాఫీ తాగి కూర్చునేదాన్ని. ఎర్ర చుక్కది ఒక గదిలో తల దూర్చుకుని ఉండేది. పని చేస్తోందేమో అనుకున్నాను. పూజ చేసుకుని వచ్చినా అలాగే ఉంది. నిద్ర! తర్వాత బయటికి వచ్చి మీసాలు దువ్వుకుంది. నాలుగు అడుగులు వేసింది. పని చేస్తున్నదాని దగ్గరికి వెళ్లి చూసింది. మా వీధిలో బావి దగ్గర కూర్చునే కామాక్షమ్మ అచ్చం అలాగే చూసేది, చేత్తో బిందె మాత్రం ముట్టదు. ఆపైన ఇంకొకదాని దగ్గరికి వెళ్లి దాని నోట్లోది అడిగి తిన్నది. తిని మళ్లీ కూర్చుంది. ఎప్పుడైనా బుద్ధి పుడితే గొట్టంలోంచి బయటికి పోయి వచ్చేది. వచ్చాక మళ్లీ కూర్చునేది. ఇదొక్కటే అలాగేమోనని ఆకుపచ్చదాన్నీ బంగారుదాన్నీ కూడా చూశాను. అవీ అంతే. పని లేదని కాదు, చేస్తాయి. చేసి కూర్చుంటాయి. కూర్చోవడమే ఎక్కువ. మరి అది తప్పని నేను అనను. కానీ వాటిని చూపించి మనిషి నడుం విరగ్గొట్టకూడదు కదా.

"అల్లుడుగారూ, మీ ఎర్ర చుక్కది పొద్దుట్నుంచీ కూర్చునే ఉందండీ."

"అది ఆలోచిస్తోందండీ అత్తయ్యగారూ" అన్నారు చెప్పులు విప్పుతూ.

ఆ రోజుల్లోనే గొట్టం దగ్గర ఇంకో వినోదం. లావు లావు ఈగల్ని సన్నటివి కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చేస్తున్నాయి. పుష్పలత దూరం నుంచే చూసి అడిగింది.

"ఆ లావుటియ్యి ఎవురవ్వా?"

"మగవి. తేనె తెచ్చేది లేదు, కుట్టేది లేదు. తిని తిరుగుతాయట."

"ఓహో. అల్లుళ్లు."

నేను నవ్వలేదు. నవ్వకూడదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాను.

కానీ ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. వనభోజనాలకి వారం ఉందనగా ఆమె వంటింట్లో పిండి కలుపుతూ ఏడుస్తోంది. కూతురు ఫోన్ చేసి, కాళ్లు వాచినాయమ్మా, రాత్రిపూట భయమేస్తోంది, నువ్వు ఎప్పుడొస్తావు అని అడిగిందట. "ఏం చెప్పేది అవ్వా? పురుగులకి పేరంటం అయినాక వస్తానని చెప్పేదా?" అంది. వీపు నిమిరాను. నా చేతిలో ఉన్నది అదే.

వనభోజనాల శుక్రవారం వచ్చింది. నవంబరు కదా, ఎండ మెత్తబడింది, మనుషులు బయట కూర్చోగలిగే వాతావరణం. పుష్పలత తెల్లవారకముందే లేచి పులిహోర, గుమ్మడికాయ దప్పళం, పూర్ణాలు చేసింది. ఉసిరి చెట్టు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుంది? ఎవరో ఊరి నుంచి తెచ్చిన ఉసిరి కొమ్మని బకెట్ ఇసుకలో గుచ్చారు. సంఘం కార్యదర్శి కుక్కుటేశ్వరరావు ఆ బకెట్‌కి పట్టు కండువా చుట్టాడు. పది మంది పట్టుచీరల వాళ్లు బకెట్ చుట్టూ ప్రదక్షిణం చేసి, ఫోటోలు దిగి, కాళ్లు నొప్పులని కూర్చున్నారు.

భోజనాలకి ముందు పిల్లల కార్యక్రమం. అల్లుడుగారు పట్టు పంచె కట్టుకుని మైకు పట్టుకున్నారు. "తేనెటీగ జీవితంలో విశ్రాంతి అనే మాట లేదు. ఆ సంగతి పిల్లల నోటే విందాం. అమ్మా నిత్యా, నీ తేనెటీగ ఏం చేసింది?"

ఆకుపచ్చ పిల్ల లేచింది. "అంకుల్, నాది కూర్చుంది."

"కూర్చుని ఏం చేసింది?"

"కూర్చుంది అంకుల్."

ఎవరో కిసుక్కుమన్నారు. "కౌశల్, నువ్వు చెప్పు నాన్నా."

"నాది వేరేదాని నోట్లోంచి తిన్నది. తర్వాత రౌండ్లు కొట్టింది. తర్వాత రెండు శుక్రవారాలు కనపడలేదు. తర్వాత వచ్చి కూర్చుంది."

"అయితే అది ప్రభుత్వ ఉద్యోగం సార్!" అన్నాడు కుక్కుటేశ్వరరావు. పెరడంతా నవ్వులు. అప్పటిదాకా ఈయన ఏం చెప్పినా ఆహా అన్న మనిషే. గాలి ఎటు వీస్తే అటు.

అల్లుడుగారు ప్రణతి వంక చూశారు. సొంత కూతురు కదా, ఆదుకుంటుందని. నా మనవరాలు లేచి నిలబడి, "నాన్నా, నాది ఆలోచిస్తోంది" అంది.

ఇంక ఆగలేదు జనం. ఆడవాళ్లు పైటలు నోట్లో కుక్కుకున్నారు. వడ్డనకి నిలబడ్డ పుష్పలత కూడా గరిటె పట్టుకుని నవ్వింది. అది ఆయన చూశారు. ముఖం కందగడ్డ అయింది.

"అద్దాల పెట్టె చిన్నది. అందులో వాటి అసలు శక్తి కనపడదు. అసలైనవి పెరట్లో ఉన్నాయి, రండి" అని గబగబా వెనక చెక్క పెట్టెల దగ్గరికి నడిచారు. "కార్తీకమాసం. ఇంత సేవ చేసే జీవికి పూజ చేయడం మన సంప్రదాయం." అలాంటి సంప్రదాయం ఉన్నట్టు నా వయసులో నేను వినలేదు. "అత్తయ్యగారూ, అరటిపళ్లు, అగరొత్తులు!"

నేను కదలలేదు. ఆయనే వెళ్లి ఉసిరి కొమ్మ ముందు పెట్టిన అరటిపళ్ల అత్తం తెచ్చారు. సూపర్‌మార్కెట్ అరటిపళ్లు, పైకి పసుపు, లోపల బాగా పండి మెత్తబడి, ఒకటే వాసన. జ్ఞానప్రసూన, "ఏవండీ, సూటు వేసుకోండి" అంది. "పూజకి సూటేంటి? కదలకుండా నిలబడితే అవి ఏమీ అనవు. మనసులో భయం లేకపోతే చాలు" అని అందరికీ వినపడేలా చెప్పి, ఒక పండు ఒలిచి, దానికి అగరొత్తుల కట్ట గుచ్చి, తీసుకెళ్లి తిన్నగా పెట్టె గుమ్మంలో పెట్టారు. చేతికంటిన గుజ్జు పంచెకి తుడుచుకున్నారు.

మొదట ఒకటి వచ్చింది. ఆయన కనురెప్ప మీద వాలింది. "చూశారా, కదలకూడ..." అన్నారు. ఆ మాట పూర్తి కాలేదు. పెట్టెలోంచి పొగలాగా లేచాయి.

సంఘం మొత్తం వరండాలోకి పరిగెత్తింది. బకెట్ తన్నేశారు. ఉసిరి కొమ్మ మీదుగా నడిచారు. అందరికంటే ముందు కుక్కుటేశ్వరరావు. లోపలికి దూరి అద్దం తలుపు జరిపి, పిడి పట్టుకుని నిలబడ్డాడు. అధ్యక్షులవారు పంచె ఎగ్గట్టుకుని వచ్చి తలుపు బాదుతున్నారు.

"తలుపు తియ్యండి!"

"తీస్తే అవి కూడా వస్తాయి సార్! కదలకండి సార్, మీరే చెప్పారు కదా, కదలకుండా నిలబడండి!"

ఇంతకాలం ఈయన పకోడీలు తిన్నవాళ్లు. అద్దం ఇవతల వరసగా నిలబడి చూస్తున్నారు, ఇద్దరు ఫోన్లు తీశారు. తేనెటీగలు చూడ్డానికి వచ్చి మనిషిని చూశారు. చివరికి ఆయన ఇల్లు చుట్టి వెళ్లి వంటింటి తలుపు మీద పడ్డారు. పుష్పలత తడి దుప్పటి ఆయన నెత్తిన వేసి లోపలికి ఈడ్చింది. మా అమ్మాయి షాపు నుంచి తెచ్చిన మాత్రలు వేసింది. నేను నా తమలపాకుల డబ్బాలోంచి సున్నం తీసి రాశాను. ప్రాణానికేం ఫర్వాలేదు. ముఖం మాత్రం పూర్ణంబూరె. కళ్లు రెండూ మూసుకుపోయాయి, పెదవి వేలాడింది. సంఘం వాళ్లు పులిహోర డబ్బాల్లో సర్దుకుని ముందు గుమ్మం నుంచి వెళ్లిపోయారు.

తర్వాత ప్రణతి ఫోన్లో వెతికి చెప్పింది. "అమ్మమ్మా, ఒక తేనెటీగ కుట్టినప్పుడు, శత్రువు వచ్చాడు రండి అని మిగతావాటికి తెలియడానికి ఒక వాసన వదులుతుందట. అరటిపండు వాసన అదే వాసనట." అల్లుడుగారు కూడా ఫోన్లోనే ఏడాదిగా తేనెటీగల గురించి చదువుతున్నారు. ఈ ఒక్క ముక్క దగ్గర బహుశా కూర్చున్నారేమో. నాకూ తెలియదనుకోండి. కానీ నేను మైకు పట్టుకోలేదు.

సాయంత్రం ఆయన్ని సోఫాలో పడుకోబెట్టాం. పుష్పలత ఐసు ముక్కలు తెస్తోంది. ఆమె ఫోన్ మోగింది. వింటూ అక్కడే గోడకి జారి కూర్చుంది.

"పక్కింటి అవ్వ చేసింది మామా. పిల్లకి నొప్పులొచ్చినాయంట. రాయచోటి ఆస్పత్రికి పోయినారు. దొంగ నొప్పులు, ఇంకా టయిముంది అన్నారంట, అయినా బీపీ ఎక్కువుందని పెట్టుకున్నారంట. సంతకం పెట్టేదానికి ఎవురున్నారు అని అడుగుతాండారంట." అని ఆయన వైపు తిరిగింది. "బాబా, నా కాయితాలు ఈ బాబా. నేను పోతా."

ఆయన వాచిన పెదవితో, "రేపు... మాట్లాడదాం. ఇప్పుడు నా పరిస్థితి చూడు. ఐసు పెట్టు" అన్నారు.

పుష్పలత లేచింది. ఐసు గిన్నె తీసుకుంది. మళ్లీ ఆయన నుదుటి మీద పెట్టడానికి వంగింది. అప్పుడు మా అమ్మాయి ఆ గిన్నె ఆమె చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టింది. పెట్టి, సోఫా పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆయన నడుం దగ్గర చెయ్యి పెట్టింది. పంచెకి జేబు ఉండదు కదా, బీరువా తాళంచెవి రొంటిని దోపుకున్నారు.

"ఎవరది?" అన్నారు ఆయన. కళ్లు కనపడటం లేదు.

"నేనేనండీ. ఇక్కడ ముల్లేమైనా ఉండిపోయిందేమోనని."

"ఉందా?"

"ఉంది. తీసేశాను."

నేను దాని ముఖం చూశాను. చిన్నప్పుడు మా అత్తగారి పూతరేకుల డబ్బా మూత తీసి దొరికిపోయినప్పుడు కూడా ఇంత నిబ్బరంగా నిలబడలేదు. బీరువా తెరిచింది, పాస్‌పోర్టు తీసి పుష్పలత చేతిలో పెట్టింది. చెన్నైకి టికెట్ తనే తీసింది. నేను నా పెట్టెలోంచి మెత్తటి పాత చీర ఒకటి తీసి ఇచ్చాను, పసిబిడ్డకి పక్కబట్టలకి. పుష్పలత ఏడవలేదు. గబగబా బట్టలు కుక్కుకుంటూ, "అవ్వా, దప్పళం ఫ్రిజ్జులో ఉండాది, వేడి చేసుకోండి. ఆ పురుగుల డబ్బా పక్కన మాత్రం పెట్టొద్దండి" అని నాకే అప్పగింతలు పెట్టింది. వాళ్ల ఊరివాడే జిలానీ బాషా అని టాక్సీ నడుపుతాడు, అతను వచ్చి విమానాశ్రయానికి తీసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున్న అల్లుడుగారు ఒక కన్ను దారమంత తెరిచి, "పుష్పలతా, కాఫీ" అన్నారు.

"ఆమె చెన్నైలో దిగి ఉంటుందండీ" అంది జ్ఞానప్రసూన. "కాఫీ పొడి కుడివైపు డబ్బాలో ఉంది."

"ఎవరినడిగి పంపావు?"

"మీరు కళ్లు మూసుకుని ఉన్నారు. లేపడమెందుకని."

ఆయన లేచి కూర్చున్నారు. అద్దాల పెట్టె వైపు చూశారు, మా అమ్మాయి వైపు చూశారు. అది చెప్పులు వేసుకుని షాపుకి వెళ్లిపోయింది.

రెండో నాడు పుష్పలత వీడియోలో కనపడింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. నొప్పులు అసలువి మొదలయ్యే సరికి ఆమె ఆస్పత్రిలో, కూతురి తల దగ్గర ఉంది. "నా చెయ్యి ఇడిసిపెట్టనే లేదవ్వా, చూడు, గోళ్లు దిగినాయి" అని మణికట్టు చూపించి నవ్వింది. నా చీరలో చుట్టి ఉంది పసిది, ముఖం ముడతలు పెట్టుకుని, లోకం మీద అప్పుడే విసుక్కుంటూ. దాన్ని చూసి నా కడుపు నిండింది.

ఈ లోపల అల్లుడుగారి వాపు తగ్గింది. వాపుతో పాటు ఇంకేమైనా తగ్గుతుందేమోనని ఆశపడ్డాను. శుక్రవారం వరండాలో కాళ్లు చాపుకుని కుక్కుటేశ్వరరావుతో ఫోన్లో మాట్లాడుతున్నారు. తలుపు పట్టుకు నిలబడ్డవాడితోనే, అదే ఆప్యాయత.

"నా పరిశీలనలో తేలిందేమిటంటే రావుగారూ, తేనెటీగ ఎక్కువ భాగం విశ్రాంతి తీసుకుంటుంది. అదే దాని రహస్యం. అవునండీ, ఎవరూ గమనించలేదు. అది చూశాకే మా పనిమనిషికి సెలవిచ్చి పంపాను. నేనే పంపాను. ఆ అమ్మాయి కాన్పుకి అందుకుంది. మనం మనుషులం కదండీ మరి... వచ్చే వారం పిల్లల్ని తీసుకురండి, ఈ అంశం మీద చెబుతాను."

నేను ఆ మాటలన్నీ విన్నాను. మా అమ్మాయి కూడా విన్నది. అది వంటింట్లోంచి నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసి మళ్లీ కూర తరుక్కుంది. దానికి ఈ మధ్య ఆయన మాట వినపడటం మానేసింది, మా అత్తగారిలాగా.

ఆయన ఫోన్ పెట్టాక నేను లేచి వెళ్లాను.

"అల్లుడుగారూ, సింకు నిండా గిన్నెలున్నాయండీ. పుష్పలత లేదు కదా."

"చేతికి ఇంకా కాస్త సలుపుగా ఉందండీ అత్తయ్యగారూ" అని కుడి చెయ్యి ఎత్తి చూపించారు. గంట సేపు ఫోన్ పట్టుకున్నది ఆ చేత్తోనే.

"అలాగేనండీ, దాన్ని కదపకండి" అని గ్లౌజులు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. "ఎడం చెయ్యి ఉంది కదండీ."